ఎక్స్‌రేకు సున్నం కనపడుతుంది, నెత్తురు కనపడదు

వనపర్తి జిల్లా వీపనగండ్ల నుంచి తుంటి నొప్పితో బయల్దేరిన మనిషి వనపర్తికి పోతాడు, లేదంటే పెబ్బేరు దగ్గర పెద్ద రోడ్డెక్కి కర్నూలు పోతాడు. ఎక్కడికి పోయినా మొదట చేసేది ఎక్స్‌రే. ఎముక ఎక్కడా విరగలేదు, కీలు అరగలేదు, గుజ్జు ఉండాల్సిన సందు ఉండాల్సినంత ఉంది. కాగితం మీద 'నార్మల్' అని రాసిస్తారు. ఆ ఒక్క మాటతో నొప్పి తుంటిలోంచి నడుములోకి మారిపోతుంది. నరం పట్టేసిందంటారు, డిస్కు జరిగిందంటారు, సూదులు వేస్తారు, నడుముకు పట్టీ కట్టుకోమంటారు. ఏడాది తిరిగేసరికి అదే తుంటికి మళ్లీ ఫోటో తీస్తే తొడ ఎముక తల ఒకవైపు కుంగి ఉంటుంది. మొదటి ఫోటోను తప్పు చదివారా అంటే, చాలాసార్లు కాదు. దాన్ని సరిగ్గానే చదివారు. ఎక్స్‌రే జవాబు చెప్పలేని ప్రశ్నను ఎక్స్‌రేను అడిగారు, చిక్కంతా అక్కడే వచ్చింది. ఎముక పెరుగుదలలో లోపం ఉంటే ఆ ఫోటో దాన్ని బాగా పట్టిస్తుంది. ఎముకకు నెత్తురు అందకపోతే మాత్రం నెలల తరబడి ఏమీ చెప్పదు. 'నార్మల్' అన్న మాటకు ఈ రెండు జబ్బుల్లో ఒకే విలువ ఇవ్వడం వల్లే మన పల్లెల్లో పనిచేసే వయసు తుంట్లు చాలా చేజారుతున్నాయి.

1895 నవంబరులో రాంట్‌గెన్ ఈ కిరణాలను కనిపెట్టి, డిసెంబరులో భార్య చేతిని ఫోటో తీసినప్పుడు వేళ్ల ఎముకలు, ఉంగరం కనపడ్డాయి. కండ నీడలాగా మిగిలింది. ఆ ఫోటో గుణం అప్పుడే తేలిపోయింది. కిరణాలను ఆపేది ఎముకలోని కాల్షియం, అంటే మన వాడుకలో సున్నం. సున్నం ఉన్నచోట తెలుపు, లేనిచోట నలుపు. ఎదిగే పిల్లల ఎముక చివర మృదులాస్థి పలక ఒకటి ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. మృదులాస్థిలో సున్నం లేదు కాబట్టి ఫోటోలో అది నల్లటి గీతలా కనపడుతుంది. విటమిన్ డి చాలని పిల్లల్లో ఆ పలకకు సున్నం ఎక్కదు. గీత వెడల్పవుతుంది, దాన్ని ఆనుకున్న ఎముక అంచు చదునుగా ఉండాల్సింది గిన్నెలా లోతుపడి, చింకిగుడ్డ అంచులా పీలికలు పీలికలుగా కనపడుతుంది. మణికట్టు, మోకాలు రెండు ఫోటోలు చాలు, రికెట్సు తెలిసిపోతుంది. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు అదే అంచు మీద తెల్లటి కొత్త గీత పడుతుంది, మందు పని చేస్తోందనడానికి అది సాక్ష్యం. ఎముక వయసు లెక్కించేది కూడా ఈ పలకల్ని చూసే. ఎడమచేతి ఫోటోను గ్రూలిచ్, పైల్ అనే ఇద్దరు 1950లో వేసిన అట్లాసుతో పోల్చి చూడడం ఇప్పటికీ ఉన్న పద్ధతే.  

ఎక్స్‌రేతో ఎముకలను చదివే ఈ విద్యలో తెలుగు నేలకు ఒక చోటుంది, అది కోరి తెచ్చుకున్నది కాదు. నీళ్లలోని ఫ్లోరైడు ఎముకలను ఏం చేస్తుందో మన దేశంలో మొదట గట్టిగా నమోదైంది ఇక్కడే. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లాకు చెంది, ఇప్పుడు ప్రకాశం వైపు ఉన్న పల్లెల్లో షార్ట్, ఆయన సహచరులు చూసిన రోగుల గురించి 1937లో రాశారు. 1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లా రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరైడు ఊళ్ల పిల్లల్లో మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేలా కాళ్లు లోపలికి వంగిపోవడాన్ని లాన్సెట్ పత్రికలో వివరించారు. ఈ జబ్బుకు ఎక్స్‌రే దాదాపు చివరిమాట. వెన్నుపూసలు, కటి ఎముకలు సుద్దముక్కల్లా తెల్లబడతాయి. కండరాలు, లిగమెంట్లు ఎముకకు అతుక్కునే చోట్ల ముళ్లు లేస్తాయి. ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఉండే పల్చటి పొర గట్టిపడి ఎముకగా మారుతుంది. ఆ చివరి గుర్తు కనపడితే అనుభవం ఉన్నవాళ్లు రోగి ఊరు పేరు, తాగే నీళ్ల సంగతి అడుగుతారు. ఇన్ని దశాబ్దాల అనుభవంతో మన డాక్టర్లకూ జనానికీ కూడా ఎక్స్‌రే మీద నమ్మకం కుదిరింది, అందులో తప్పేమీ లేదు. ఎముక ఆకారం మారినా, సున్నం ఎక్కువైనా తక్కువైనా ఆ ఫోటో చెబుతుంది. చెప్పలేని జబ్బుకు కూడా అదే నమ్మకాన్ని చాపడంతోనే పొరపాటు మొదలవుతుంది.

తొడ ఎముక తల గుండ్రటి బంతి. దాని పైభాగమంతా మృదులాస్థి కప్పి ఉంటుంది కాబట్టి రక్తనాళాలు లోపలికి దూరడానికి చోటు తక్కువ. ముఖ్యమైన సన్నటి నాళాలు తల కింద మెడలా సన్నగా ఉండే భాగాన్ని అంటిపెట్టుకుని పైకి పాకి, తల అంచున లోపలికి పోతాయి. ఆ మెడ విరిగితే అవి తెగుతాయి. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు వాడినా, ఏళ్ల తరబడి ఎక్కువగా మద్యం తాగినా లోపలి కొవ్వు కణాలు ఉబ్బడం, నాళాల్లో గడ్డలు కట్టడం వంటి కారణాలతో ప్రవాహం నిలిచిపోతుంది. సికిల్‌సెల్ జబ్బులో కొడవలిలా వంగిన ఎర్రకణాలే దారికి అడ్డం పడతాయి. నెత్తురు ఆగిన గంటల్లోనే మజ్జలోని కణాలు చావడం మొదలవుతుంది, ఒకటి రెండు రోజుల్లో ఎముక కణాలు కూడా చస్తాయి. అయితే చచ్చిన ఎముకలోంచి సున్నం ఎక్కడికీ పోదు, దాన్ని తీసుకుపోవాల్సిన నెత్తురే ఆగింది కదా. పట్టపగలు వీధిలోంచి చూస్తే కరెంటు ఉన్న ఇల్లూ కరెంటు పోయిన ఇల్లూ ఒక్కలాగే ఉంటాయి. ఈ దశలో తీసిన ఎక్స్‌రేలో బతికిన తలకూ చచ్చిన తలకూ తేడా ఉండదు. ఫికా, ఆర్లే అనే ఫ్రెంచి డాక్టర్లు ఈ జబ్బుకు కట్టిన దశల్లో మొదటి దశ లక్షణమే ఇది: నొప్పి ఉంటుంది, ఎక్స్‌రే మాత్రం మామూలుగా ఉంటుంది.

తర్వాత కనపడే గుర్తులు కూడా చావువి కావు, దాని చుట్టూ శరీరం చేసే పనివి. చచ్చిన ముక్క అంచుకు కొత్త నాళాలు చేరతాయి. వాటితో వచ్చిన కణాలు కొంత పాత ఎముకను తినేస్తాయి, కొంత పాత ఎముక మీదే కొత్త పొర పోస్తాయి. తిన్నచోట నల్లమచ్చ, పోసినచోట తెల్లటి పట్టీ కనపడుతుంది. నొప్పికి కాలు వాడకం తగ్గి చుట్టుపక్కల బతికిన ఎముకలో సున్నం పలచబడితే, ఏ మార్పూ లేని చచ్చిన ముక్క పోలికలో ఇంకా తెల్లగా కనపడుతుంది. చూసేవాళ్లు దాన్ని గట్టి ఎముక అనుకునే ప్రమాదం ఉంది. ఆ తర్వాత ఒకరోజు మనిషి బరువుకు మృదులాస్థి కిందే ఎముక సన్నగా విరుగుతుంది. ఫోటోలో తల పైఅంచుకు కాస్త కింద, దానితోపాటే వంపు తిరిగి, నెలవంకలాంటి సన్నటి నల్లగీత కనపడుతుంది. ముందు నుంచి తీసిన ఫోటోలో అది దొరక్కపోవచ్చు. రెండు మోకాళ్లు మడిచి పక్కలకు వాల్చి కప్పలా పడుకోబెట్టి తీస్తే దొరుకుతుంది. ఆ గీత కనపడిందంటే తల కుంగడం మొదలైనట్టే. అప్పటికి కూడా కీలు సందు బాగానే ఉంటుంది, అందరినీ మోసం చేసేది అదే. మృదులాస్థికి ఆహారం అందేది కీలులోని జిగురు ద్రవం నుంచి, ఎముక నెత్తురు నుంచి కాదు. ఎముక చచ్చినా పైపొర బతికే ఉంటుంది. 'గుజ్జు అరిగిపోయిందేమో' అని చూసినవాళ్లకు గుజ్జు నిండుగా కనపడి, తుంటిలో ఏమీ లేదనే ధీమా వస్తుంది.

ఎక్స్‌రేకు అందని ఈ తొలిదశను పట్టేది ఎమ్మారై. అది చూసేది సున్నాన్ని కాదు, మజ్జలోని కొవ్వులోనూ నీళ్లలోనూ ఉండే హైడ్రోజన్‌ను. మజ్జ మారితే సున్నం మారేదాకా అది ఆగదు. చచ్చిన భాగానికీ బతికిన భాగానికీ మధ్య సరిహద్దు ఒక గీతలా కనపడుతుంది. కొన్ని చిత్రాల్లో ఒక నల్లగీత, దాని లోపలివైపు ఆనుకుని ఒక తెల్లగీత, జంటగా పక్కపక్కన ఉంటాయి. ఇది కనపడితే వేరే జబ్బును అనుమానించే పని దాదాపు ఉండదు. ఎక్స్‌రే మామూలుగా ఉన్న రోజుల్లోనే ఇది దొరుకుతుంది, రేడియేషన్ కూడా లేదు. రెండు తుంట్లూ ఒకేసారి చిత్రంలో పడతాయి. అది చిన్న లాభం కాదు, స్టెరాయిడ్ల వల్లో మద్యం వల్లో వచ్చినప్పుడు చాలామందికి రెండో తుంటిలో కూడా ఈ జబ్బు నొప్పి లేకుండా దాగి ఉంటుంది.

వనపర్తి ఉన్న పాలమూరు ప్రాంతానికి ఈ మాట ప్రత్యేకంగా చెప్పాల్సిన కారణాలున్నాయి. ఈ జబ్బు ఎక్కువగా పట్టేది 30 నుంచి 50 ఏళ్ల వాళ్లను. ఇక్కడ ఆ వయసువాళ్లు మట్టి మోసేవాళ్లు, పత్తి చేలో వంగి పనిచేసేవాళ్లు, మేస్త్రీల వెంట పెద్ద నగరాలకు వలసపోయేవాళ్లు. ఒళ్లునొప్పులకు, ఆయాసానికి, దురదలకు చీటీ లేకుండా స్టెరాయిడ్ మాత్రలు, సూదులు దొరకడం పల్లెల్లో కొత్త సంగతేమీ కాదు, తనకు వేసింది ఏ మందో రోగికి తెలియకపోవడం కూడా మామూలే. తాగుడు సంగతి చెప్పక్కర్లేదు. కోవిడ్ వచ్చాక ఇంకొకటి తోడైంది. 2021లో ముంబయి హిందూజా ఆస్పత్రి డాక్టర్లు కోవిడ్‌కు స్టెరాయిడ్లు వాడిన 40 ఏళ్ల లోపు ముగ్గురికి, కోవిడ్ తేలిన రెండు నెలల ప్రాంతంలోనే తుంటి ఎముక చావడం మొదలైందని రాశారు. ముగ్గురితో శాస్త్రం తేలదు, కానీ ఏం అడగాలో గుర్తుచేయడానికి చాలు. నొప్పి కూడా దారి తప్పిస్తుంది. తుంటి కీలు నొప్పి పిర్రలో కంటే గజ్జల్లో వస్తుంది, అక్కడి నుంచి తొడ ముందుభాగం మీదుగా మోకాలికి దిగుతుంది. మోకాలు నొప్పి అని వచ్చినవాడికి మోకాలి ఫోటో తీస్తే అది నిజంగానే నార్మల్.

పిల్లల్లో పెరుగుదలా నెత్తురూ ఒకే జబ్బులో కలిసిపోతాయి. సుమారు 4 నుంచి 8 ఏళ్ల పిల్లల్లో, ఆడపిల్లల కంటే మగపిల్లల్లో నాలుగైదు రెట్లు ఎక్కువగా, ఎదుగుతున్న తొడ ఎముక తలకు కారణం తెలియకుండానే నెత్తురు ఆగుతుంది. 1910లో అమెరికాలో లెగ్, ఫ్రాన్సులో కాల్వే, జర్మనీలో పెర్తెస్ ఎవరికి వారు దీన్ని వివరించారు. అంతకుముందు ఏడాది వాల్డెన్‌స్ట్రామ్ ఇలాంటి పిల్లల్నే చూసి క్షయ అనుకున్నారు. ఎక్స్‌రే రాకముందు కుంటే పిల్లల్లో చాలామంది తుంటి క్షయ లెక్కలోకే పోయేది, నెలల తరబడి మంచానికి కట్టి పడుకోబెట్టేవాళ్లు. ఈ జబ్బును క్షయ నుంచి విడదీసిన గొప్ప ఎక్స్‌రేదే, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయినా జబ్బు తొలిరోజుల్లో ఎక్స్‌రే ఇక్కడ కూడా బోసిగానే ఉంటుంది. ఆ తర్వాత తల అవతలి తల కంటే చిన్నగా, తెల్లగా కనపడుతుంది. అందుకే రెండువైపులా పక్కపక్కన పెట్టి చూడాలి, ఒక్క తుంటి ఫోటోతో ఈ తేడా పట్టడం కష్టం. ఆదిలాబాదు, భద్రాచలం ప్రాంతాల ఆదివాసీ పిల్లల్లోనైతే సికిల్‌సెల్ సంగతి ముందే తెలుసుకోవాలి. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్‌లో ఈ రక్తపరీక్షలు చేస్తున్నారు. సికిల్‌సెల్‌తో పసిపిల్లల చేతులు, పాదాలు వాచి ఏడుస్తున్నప్పుడు తీసిన ఎక్స్‌రేలో మొదటి వారం ఎముక మామూలుగానే ఉంటుంది, మార్పు కనపడడానికి పదిరోజులైనా పడుతుంది.

అయితే తొడ పట్టేసిందన్న ప్రతివాడికీ ఎమ్మారై తీయిస్తారా, అది స్కానింగ్ సెంటర్ల వ్యాపారానికే కదా లాభం, అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్న. జవాబు మొదలయ్యేది యంత్రం దగ్గర కాదు, బల్ల మీద. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, తుంటినీ మోకాలినీ మడిచి, పాదాన్ని పట్టుకుని మెల్లగా బయటికి తిప్పాలి, అప్పుడు తొడ లోపలికి తిరుగుతుంది. చెడిన తుంటి తొందరగా ఆగిపోతుంది, గజ్జల్లో నొప్పి వస్తుంది. సక్లంముక్లం పెట్టుకుని కూర్చోగలుగుతున్నారా, పొలంలో గొంతుకూర్చుని లేవగలుగుతున్నారా అని అడగాలి. నడుము నరం పట్టేసినవాడికి ఈ తిప్పడంలో పెద్దగా ఇబ్బంది ఉండదు. దీనికి పట్టేది రెండు నిమిషాలు, అయ్యే ఖర్చు లేదు. దీనితోపాటు స్టెరాయిడ్, మద్యం, పాత దెబ్బ, సికిల్‌సెల్‌లలో ఏదైనా ఉండి, రెండు తుంట్లను రెండు భంగిమల్లో తీసిన ఎక్స్‌రే నార్మల్‌గా వస్తే, అప్పుడు ఎమ్మారై వృథా కాదు. ఆ ఎక్స్‌రే నార్మల్‌గా రావడమే ఎమ్మారైకి కారణం. రెండు తుంట్లను కలిపి తీసే ఒకటి రెండు చిత్రాలతోనే అనుమానం చాలావరకు తీరుతుంది. ఈ రోగులు ఎమ్మారై ఖర్చు ఎలాగూ తప్పించుకోవడం లేదని కూడా గమనించాలి. నడుము ఎమ్మారైకి వేలు పోస్తున్నారు, నడి వయసు నడుములో ఏదో ఒక డిస్కు ఉబ్బు కనపడక మానదు, దాన్నే నొప్పికి మూలమని నమ్ముతారు. డబ్బు ఎంత పోయిందన్నదాని కంటే, ఏ భాగం ఫోటోకు పోయిందన్నదే ఇక్కడ అడగాల్సింది.

ఎమ్మారై కూడా తప్పు పట్టలేని సాక్షి కాదు. తొడ ఎముక తలలో నీరు చేరినట్టు కనపడి, కొన్ని నెలల్లో దానంతట అదే తగ్గిపోయే జబ్బొకటి ఉంది. నడివయసు మగవాళ్లలో, నిండు నెలల గర్భిణుల్లో కనపడుతుంది. దాన్ని చావుగా చదివితే అక్కర్లేని ఆపరేషన్ జరుగుతుంది. పైన చెప్పిన సరిహద్దు గీత ఉందా లేదా అన్నదే ఈ రెంటినీ వేరుచేసేది. కాబట్టి చిత్రం తీసినవాళ్లకు ఏమి వెతకాలో ముందే తెలియాలి. రిఫర్ చేసే చీటీ మీద 'తుంటి నొప్పి' అని రెండు ముక్కలు రాసి పంపడానికీ, 'గజ్జల్లో నొప్పి ఆరు వారాలుగా, స్టెరాయిడ్ వాడకం ఉంది, తొడ లోపలికి తిరగడం లేదు, నెత్తురు అందకపోవడం అనుమానం' అని రాయడానికీ రిపోర్టులో తేడా వస్తుంది.

ఇంకో అభ్యంతరం దీనికంటే గట్టిది. ముందే కనిపెట్టి ఏం లాభం, నయం చేసే మందుందా అంటారు. నిజమే, తిరుగులేని మందు లేదు. ఎముకకు రంధ్రం వేసి లోపలి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్ చచ్చిన ముక్క చిన్నదిగా ఉండి, తల కుంగకముందు చేస్తేనే ఎక్కువగా పనికొస్తుంది, అప్పుడు కూడా అందరికీ కాదు. ఎముకను కాపాడతాయని ఇచ్చే బిళ్లల మీద పరిశోధనలు ఒకదానితో ఒకటి ఏకీభవించడం లేదు. ముక్క పెద్దదైతే ఏం చేసినా చివరికి కుంగేవి చాలా ఉంటాయి. ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా ముందు తెలియడం వల్ల జరిగేవి కొన్నున్నాయి. మొదటిది, తప్పు వైద్యం ఆగుతుంది. నడుము నరమనుకుని వేసే సూదుల్లో తరచుగా ఉండేది స్టెరాయిడే, అంటే జబ్బును తెచ్చిన మందే జబ్బుకు వైద్యంగా పడుతూ ఉంటుంది. తాగుడు మానమని చెప్పడానికి రోగికి కళ్లెదుట చూపించగల కారణం దొరుకుతుంది. రెండో తుంటి ఇంకా కుంగకపోతే దాన్ని దక్కించుకునే అవకాశం ఉంటుంది. పిల్లల్లో తల మెత్తగా ఉన్న రోజుల్లో అది తాను కూర్చునే కప్పులాంటి ఎముక గుంటలోంచి పక్కకు జారకుండా పట్టుకుంటే గుండ్రంగా తిరిగి పెరుగుతుంది, ఆలస్యమైతే ఆ వంకర జీవితాంతం ఉంటుంది. కీలు మార్పిడి తప్పనిసరైనా, ఎప్పుడు చేయించుకోవాలో అప్పుచేసి పరుగెత్తకుండా ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది.

ఆ వ్యవధి దొరక్కపోవడానికి డాక్టర్ల అలవాటు ఒక్కటే కారణం కాదు, ప్రభుత్వ వైద్య పథకం తీరు కూడా కారణమే. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైంది మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లోనే, ఇప్పటి వనపర్తి అప్పుడు మహబూబ్‌నగర్‌లో భాగం. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితిని 10 లక్షలకు పెంచారు. ఆ పథకం ముఖ్యంగా ఆస్పత్రిలో చేర్చుకుని చేసే చికిత్స కోసం కట్టింది, బయటి నుంచి వచ్చి చూపించుకుని పోయే రోగి పరీక్షల కోసం కాదు. కాబట్టి తల కుంగాక దారి కాస్తయినా తెరుచుకుంటుంది. కుంగకముందు తీయాల్సిన చిత్రానికి మాత్రం జేబు తడుముకోవాలి, కూలి పోగొట్టుకోవాలి. వనపర్తిలో, నాగర్‌కర్నూలులో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచారు.  జిల్లా కళాశాల ఆస్పత్రుల్లో ఎముకల ఓపీకి గజ్జల నొప్పితో వచ్చిన 50 ఏళ్ల లోపు మనిషికి తొడ తిప్పి చూడడం, రెండు తుంట్లకు రెండు భంగిమల్లో ఎక్స్‌రే, అది నార్మల్ అయి అనుమానం మిగిలితే రెండు తుంట్లకు మాత్రమే క్లుప్తంగా ఉచిత ఎమ్మారై అని ఒక వరస పెట్టుకుంటే, అయ్యే ఖర్చును మార్పిడి ఆపరేషన్ల ఖర్చు పక్కన పెట్టి లెక్కేయవచ్చు. ఈలోగా రోగి వైపు నుంచి చేయగలిగింది కూడా ఒకటుంది. ఎక్స్‌రే నార్మల్ అన్నాక గజ్జల నొప్పి ఆరు వారాలకు కూడా తగ్గకపోతే, పాత ఫిల్మును పారేయకుండా తీసుకుపోయి, తాను వాడిన మాత్రలు, వేయించుకున్న సూదుల పేర్లు రాసి ఉన్న కాగితం పక్కన పెట్టి, తుంటికి నెత్తురు అందుతోందా అని డాక్టరును నేరుగా అడగవచ్చు.